గంగులమ్మ పాలు, ఎనిమిదిన్నర

"నాలుగు వందల పన్నెండు మందిని అడిగాను సార్. మూడు వందల మందికి పైగా ఒకే జవాబు చెప్పారు. ఇంకా ఆ ఊళ్లలో కూర్చుని వినడానికి ఏం మిగిలింది?"

ఈ ప్రశ్న వేసిన అమ్మాయి హేమావతి, వ్యాపార నిర్వహణ శాఖలో పరిశోధక విద్యార్థిని. వేసింది తన గురువు ఆచార్య చెంగల్రాయుడు గారికి. ఆయన ఆ శాఖలో ఇరవై ఎనిమిదేళ్లుగా గుణాత్మక పరిశోధన బోధిస్తున్నారు. మనుషుల మాటనూ నడతనూ దగ్గరగా గమనించి, వ్యాపారంలో ఏది ఎందుకు జరుగుతున్నదో తెలుసుకునే పద్ధతి అది. వాదన ఆయనకు సరిపడదు. శిష్యులు ప్రశ్న అడిగితే కళ్లద్దాలు తుడుచుకుంటూ చివరిదాకా వింటారు. ఆ తర్వాత ఏదో ఒక పని చెబుతారు.

హేమావతి తీసుకున్న సమస్య ఇది. ఒక పాల కంపెనీ చిత్తూరు వైపు పదకొండు ఊళ్లలో కొత్త పాలకేంద్రాలు తెరిచింది. కొత్త యంత్రం, పాలు పోయగానే వెన్న శాతం అచ్చయి వచ్చే చీటీ, ఊళ్లో ముందునుంచీ ఉన్న పాత కేంద్రాలకన్నా మంచి ధర. అయినా ఏడాది తిరిగేసరికి పాలు పోసే ఆడవాళ్లు ఒక్కొక్కరే మళ్లీ పాత కేంద్రాలకు వెళ్లిపోయారు. కారణమేమిటని అడిగితే ప్రశ్నపత్రంలో 'ధర చాలదు' అన్న గడిలో టిక్కు పెట్టారు. హేమావతి నివేదిక చూశాక కొత్త కేంద్రాలు ఉంచాలా, మూసేయాలా అన్నది కంపెనీ తేలుస్తుంది.

"పాత కేంద్రంలో ధర ఇంకా తక్కువ కదమ్మా?" అన్నారు ఆచార్యులు.

హేమావతి ప్రశ్నపత్రాల కట్ట మళ్లీ తిరగేసింది.

"ఒక ఊరు ఎంచుకో. ఆరు రోజులు పొద్దున్నే అక్కడ నిలబడు. ఎవరినీ ఏమీ అడగకు. చూసింది చూసినట్టు, విన్నది విన్నట్టు ఆ రోజే రాసుకో. నీకు అనిపించింది మాత్రం వేరే పేజీలో రాయి."

ఆమె ముద్దుకుప్పం అనే ఊరు ఎంచుకుంది. అక్కడ కొత్త కేంద్రాన్ని నడిపేది రెడ్డెమ్మ. భర్త పోయాక శిక్షణ తీసుకుని ఆ పనిలో చేరిన మనిషి. ఆ కేంద్రం మూతపడితే ఆమెకు వేరే ఆధారం లేదు. రోడ్డుకు అవతలి పక్క రేకుల కింద పాత కేంద్రం. దాన్ని నడిపేది చిన్నప్ప అనే పెద్దాయన. తెల్లారేసరికి అటువైపు నలభై మంది ఆడవాళ్లు చెంబులతో, క్యాన్లతో వరస కడతారు. ఇటువైపు రెడ్డెమ్మ యంత్రాన్ని తుడుచుకుంటూ కూర్చుని ఉంటుంది.

మొదటి రెండు రోజులు హేమావతికి విసుగు పుట్టింది. మూడో రోజు గురువుకు ఫోన్ చేసింది. "సార్, పాలు పోస్తున్నారు, వెళ్తున్నారు. అంతే."

"వెళ్లేముందు ఏం చేస్తున్నారు?"

ఆమె పుస్తకం తిరగేసింది. రాయలేదు. అసలు చూడలేదు.

నాలుగో రోజు చూసింది. పాలు పోసినవాళ్లు వెళ్లడం లేదు! ఖాళీ చెంబు చంకన పెట్టుకుని, పక్కకు జరిగి, తర్వాతివాళ్ల వంతు అయ్యేదాకా నిలబడుతున్నారు. చిన్నప్ప తన పాత యంత్రం మీద వెన్న శాతం అంకె చూసి, ఊరంతా వినేలా గొంతెత్తి చెబుతున్నాడు. "లచ్చుమమ్మ పాలు, ఆరు! సరోజ పాలు, ఆరున్నర!" అంతలో ఒక బక్కపలచని ముసలామె వంతు వచ్చింది. "గంగులమ్మ పాలు, ఎనిమిదిన్నర!"

నలభై తలలూ ఒక్కసారిగా తిరిగాయి.

"ఏం పెడతాండావు అక్కా ఎనుముకి?" అని ఎవరో అరిచారు.

"నా ప్రేమ పెడతాండా," అంది గంగులమ్మ. అందరూ గొల్లుమన్నారు. ఆమె నవ్వలేదు గానీ, కొంగు సర్దుకుని రాణిలా నడిచిపోయింది. ఆ మధ్యాహ్నమే పొరుగూరినుంచి ఇద్దరు వచ్చి ఆమె ఇంటిముందు కూర్చున్నారు. ఆ గేదెకు పుట్టిన దూడ తమకే కావాలట.

హేమావతి అంతా రాసుకుంది. ఆ పూటే బయల్దేరి వచ్చి గురువు గది తలుపు తోసింది. "దొరికింది సార్! వాళ్లకు కావలసింది ధర కాదు, పేరు! నలుగురిలో తమ పేరు వినపడాలి. కొత్త కేంద్రంలో రెడ్డెమ్మ నోరు విప్పదు, చీటీ చేతిలో పెడుతుంది. అందుకే ఎవరూ పోవడం లేదు!"

ఆయన ఆమె రాసిన పేజీలన్నీ నిదానంగా చదివారు. కళ్లద్దాలు తీసి తుడిచారు. "చాలా బాగా చూశావమ్మా. అయితే ఇది నీకు తోచిన మాట. ఇప్పుడు వెళ్లి వాళ్లకే చెప్పు. ఏమంటారో విను."

మర్నాడు పొద్దున వరస పలచబడ్డాక హేమావతి గంగులమ్మ దగ్గరికి వెళ్లి తన మాట చెప్పింది. చుట్టూ ఏడెనిమిది మంది మూగారు. గంగులమ్మ చివరిదాకా విని తల అడ్డంగా ఊపింది.

"పేరుకోసరమే అనుకుంటివా పాపా? నా పేరు నాకు తెలవదా? పోయిన నెల ఎనుముకి జొరమొచ్చి నా పాలు ఐదుకి దిగినాయి. ఆ పొద్దు కూడా చిన్నప్ప గెట్టిగానే చెప్పినాడు. సిగ్గుతో సచ్చినా. కానీ అందురూ విన్నారు. నీళ్లు కలిపినోళ్లదీ వింటారు. అందుకే నాది ఎనిమిదిన్నర అంటే నమ్ముతారు. ఆ చీటీ నా చేతిలో ఉంటాది. దాన్ని పట్టుకోని ఇల్లిల్లూ తిరిగి చూపించేదా?"

హేమావతికి అప్పుడు అర్థమైంది. తను సగమే చూసింది. ఆడవాళ్లు అక్కడ నిలబడుతున్నది తమ పేరు వినడానికి మాత్రమే కాదు. ఒకరి పాలకు ఒకరు సాక్షులు. ఆ సాక్ష్యం మీదే దూడల బేరాలు కుదురుతున్నాయి, ఎవరి గడ్డి మంచిదో తెలుస్తున్నది, ఒకరి మాటకు ఊళ్లో విలువ కడుతున్నారు. కొత్త కేంద్రం తెచ్చిన చీటీ అంకెను ఇచ్చి, సాక్షులను తీసేసింది.

"మరి నా కాగితంలో ధర చాలదని ఎందుకు టిక్కు పెట్టారమ్మా?"

"ఏదో ఒగటి పెట్టాలంటివి," అంది గంగులమ్మ. "మేం చెప్పే మాట నీ కాగితంలో యాడుండాది?"

హేమావతి రోడ్డు దాటి ఒక్క పరుగున రెడ్డెమ్మ దగ్గరికి వెళ్లింది. సంగతంతా చెప్పి, పేరూ అంకే గట్టిగా పిలిచి చూడమంది. రెడ్డెమ్మకు బిడియం. ఆ రోజు ఆమె దగ్గర పాలు పోస్తున్నది ముగ్గురే. మొదటి పేరు గొంతులోనే ఆగిపోయింది. రెండోది వినీ వినపడనట్టు వచ్చింది. మూడోసారి కళ్లు మూసుకుని అరిచింది. "మునెమ్మ పాలు, ఏడు!" అవతలి వరసలోనుంచి ఎవరో "ఎంతా?" అని అడిగారు. "ఏడు!" అని రెడ్డెమ్మ మళ్లీ అరిచింది. ఈసారి నవ్వుతూ. వారం తిరిగేసరికి పదకొండు మంది ఇటు వచ్చారు. మూడో వారంలో గంగులమ్మే రోడ్డు దాటింది. ఆ రోజు రెడ్డెమ్మ యంత్రం ఎనిమిదీ ముప్పావు చూపించింది. ఆ అంకె చెప్పేటప్పుడు రెడ్డెమ్మ గొంతు రోడ్డు అవతల చిన్నప్పకు కూడా వినపడింది. ఆయన తల బయటికి పెట్టి, "ఇంగోసారి చూడు మే!" అన్నాడు. ఆమె చూసింది. అదే అంకె. ముద్దుకుప్పం కేంద్రాన్ని మూసే ఆలోచన కంపెనీ మానుకుంది.

ఆ కబురు వచ్చిన రోజు హేమావతి మెట్లు రెండేసి చొప్పున ఎక్కి గురువు గదికి వచ్చింది. ముఖం వెలిగిపోతున్నది. నివేదిక ఆఖరి పేజీ అప్పటికే మనసులో రాసేసుకుంది.

"సార్, ఇంక ఆలస్యం ఎందుకు? మిగతా పది ఊళ్లలోనూ పేర్లు పిలిచి అంకె గట్టిగా చెప్పమని కంపెనీకి ఇప్పుడే రాసేద్దాం!"

చెంగల్రాయుడు గారు ఆమె ముఖంలోకి చూసి సంతోషంగా నవ్వారు.

"పక్క ఊరికి మొదటి బస్సు ఎన్నింటికమ్మా?" అన్నారు.