మూడో సెట్టులో లోపం

మూడు రేడియోల్లో ఏది మంచిదో తేల్చే పని సుధీంద్ర మీద పడింది. పడిందనడం న్యాయం కాదు, అతనే ఎగబడి నెత్తికెత్తుకున్నాడు.

అవి పాటలు వినే రేడియోలు కావు. అరచేతిలో పట్టేంత పెట్టెలు. చిన్న బ్యాటరీ, చెట్టుకొమ్మ మీదికి విసిరి కట్టడానికి ఇంత తీగ ఉంటే చాలు, కబురు పంపుతాయి, కబురు అందుకుంటాయి. పంపే శక్తి అయిదు వాట్లు, అంటే పడకగది జీరో బల్బుకన్నా తక్కువ. తుఫానుకి కరెంటూ ఫోన్లూ పోయిన రోజున ఒడ్డునున్న పల్లెలకి ఇవే దిక్కు. అందుకని ఆరు పల్లెలకి ఆరు సెట్లు కొనాలని సొంత రేడియోలతో కబుర్లు పంపుకునేవాళ్ళు ఊళ్ళో పెట్టుకున్న హామ్ రేడియో సంఘం తీర్మానించింది. ఏ రకం కొనాలో ఆదివారం సాయంత్రం సభలో సుధీంద్ర చెప్పాలి.

సుధీంద్ర పాలిటెక్నిక్‌లో ఎలక్ట్రానిక్స్ పాఠాలు చెబుతాడు. చుక్కలూ గీతలతో కబురు పంపే విద్య మాత్రం ఖాదర్ మాస్టారి దగ్గర నేర్చుకున్నాడు. మాస్టారు ముప్పయ్యారేళ్ళు టెలిగ్రాములు కొట్టిన మనిషి. ఆఫీసు మూతపడినా ఆయన వేలు ఊరుకోలేదు. ఇంటి వసారాలో బల్ల వేసుకుని, వచ్చినవాళ్ళకల్లా ఆ విద్య నేర్పుతూ కూర్చున్నారు.

సుధీంద్ర లైసెన్సు పరీక్ష గట్టెక్కేంత నేర్చుకున్నాడు. ఆ తరువాత అతనికి ఫోనులో ఒక యాప్ దొరికింది. దాన్ని రేడియో దగ్గర పెడితే వచ్చే సంకేతాన్ని అదే విని, అక్షరాలుగా మార్చి తెరమీద చూపిస్తుంది. ఆ రోజునుంచి అతని చెవులకి సెలవు.

ఆదివారం ఉదయమే మాస్టారింటికి వచ్చి మూడు సెట్లూ, ఒక నోటుపుస్తకమూ బల్లమీద పరిచాడు. ముందు మాస్టారి మెప్పు దక్కితే, సాయంత్రం సభలో ఇక ఎవరూ నోరెత్తరని అతని ధీమా.

బల్లమీద అప్పటికే ఒక పాత బిస్కెట్ల డబ్బా ఉంది. మూతకి చిల్లు పొడిచి ఒక బొత్తాం బిగించారు. పక్కన హాక్సా బ్లేడు ముక్కతో చేసిన మీట.

"ఇదేంటి మాస్టారూ, పోపులపెట్టా?"

"రేడియో."

సుధీంద్ర మూత తీసి లోపలికి చూశాడు. నవ్వు ఆగలేదు. "అర వాటు కూడా రాదు దీన్నుంచి! దీంతో పక్కింటివాళ్ళని పిలిచేకంటే గోడెక్కి కేకెయ్యడం నయం. ఎవరు చేశారు?"

"ఒక మనిషి," అన్నారు మాస్టారు కళ్ళజోడు తుడుచుకుంటూ. "నువ్వు రాసింది చదువు."

సుధీంద్ర చదివాడు. మొదటి సెట్టుకి పెద్ద తెర ఉంది, అడ్డమైన చప్పుళ్ళన్నీ దానంతటదే కోసేస్తుంది, చెవికి హాయి. రెండోది మరీ తేలిక, ఇదీ చప్పుళ్ళు కోస్తుంది, బ్యాటరీ రెండు రోజులు వస్తుంది. మూడోదానికి తెర లేదు, సోకులు లేవు, వచ్చిన చప్పుడు వచ్చినట్టు వినిపించడమే దానికి తెలిసిన పని. బరువులూ కొలతలూ ఎర్ర సిరాతో గళ్ళల్లో రాసుకొచ్చాడు. మూడో గడి మీద అడ్డంగా గీత కొట్టి ఉంది.

"దీన్ని కొట్టేశావేం?" అన్నారు మాస్టారు.

సుధీంద్ర ఆ ప్రశ్న కోసమే చూస్తున్నాడు. "లోపలే ఏదో లోపం ఉంది మాస్టారూ. మంగళవారం పొద్దున్న దీపాలకొండ ఎక్కి మూడింటితోనూ పిలిచాను. మొదటిదానికీ రెండోదానికీ చెన్నై నుంచి, పూనా నుంచి జవాబులొచ్చాయి. మూడోదాంతో పిలిస్తే జవాబు లేదు సరికదా, పిచ్చుక కూసినట్టు కీచుకీచుమని ఒకటే గోల. పన్నెండు నిమిషాలు. పోనీ బయటి చప్పుడేమో అని తీగ పీకి మొదటి సెట్టుకి పెట్టాను, లేదు. రెండోదానికి పెట్టాను, లేదు. మళ్ళీ మూడోదానికి పెడితే మళ్ళీ కీచు! ఫోను కూడా దాన్ని చదవలేక చేతులెత్తేసింది. అంటే లోపం సెట్టులో ఉన్నట్టే కదా?"

తరగతిలో పాఠం ముగించినట్టు పుస్తకం మూశాడు.

మాస్టారు మూడో సెట్టు వైపు చూశారు. "ఎన్ని గంటలప్పుడు?" అని అడిగారు.

"ఏడూ ఇరవై నుంచి."

"మంగళవారం."

"అవును మాస్టారూ."

"ఆ మూడో సెట్టు పెట్టు. ఆ రోజు ఎక్కడ పెట్టావో అక్కడే."

సుధీంద్ర సెట్టు వేసి ముల్లు తిప్పాడు. మాస్టారు బిస్కెట్ల డబ్బాని దగ్గరికి లాక్కుని, బ్యాటరీ తగిలించి, హాక్సా బ్లేడు మీద వేలు పెట్టారు. రెండుసార్లు నొక్కారు.

మూడో సెట్టులో పిచ్చుక కూసింది.

సుధీంద్ర ముఖంలో నవ్వు ఉన్నచోటే ఉండిపోయింది.

"ఇదేనా?"

"ఇదే," అన్నాడు సుధీంద్ర. మొదటి రెండు సెట్లూ అడ్డమైన చప్పుడని కోసేసింది దీన్నే.

"ఆ రోజు చప్పుడు ఫోనులో పట్టుకున్నావా?"

"పట్టుకున్నాను. సభలో వినిపిద్దామని."

మాస్టారు పాత క్యాలెండర్‌లోంచి ఒక కాగితం చించి, వెనక్కి తిప్పి ముందు పెట్టారు. పెన్సిలు అందించారు. "ఫోను బోర్లా పెట్టి వినిపించు. చెవితో విని రాయి."

చాలాకాలంగా చెయ్యని పని. మొదటిసారి విన్నప్పుడు నాలుగు అక్షరాలు రాశాడు, నాలుగూ కొట్టేశాడు. కానీ ఆ కొట్టేది చాలా నెమ్మదిగా ఉంది. పలకమీద దిద్దుతున్న చెయ్యిలా ప్రతి అక్షరం దగ్గరా ఆగి ముందుకి పోతోంది. మూడోసారికి అక్షరాలు నిలబడ్డాయి.

హామ్ రేడియో మనిషికి సర్కారు ఇచ్చిన గుర్తు ఒకటుంటుంది, నాలుగైదు అక్షరాలూ ఒక అంకే కలిపి. గాలిలో అదే అతని పేరు. సుధీంద్ర కాగితం మీద రాసుకున్నది తన గుర్తు. దాని తరువాత, ఇంతకుముందెప్పుడూ వినని ఇంకొక గుర్తు. మళ్ళీ తనది, మళ్ళీ ఆ రెండోది. ఎవరో తన పేరు చెప్పి తననే పిలిచారు.

మధ్యలో ఒకచోట అక్షరం తప్పింది. అప్పుడు ఎనిమిది చుక్కలు కొట్టి, మొదటినుంచీ మళ్ళీ కొట్టారు. తప్పు చేస్తే ఎనిమిది చుక్కలతో ఒప్పుకుని మళ్ళీ మొదలుపెట్టాలన్నది మాస్టారు మొదటి వారంలోనే నేర్పే మర్యాద. పిలుస్తున్నదెవరో ఆ మర్యాద మరిచిపోలేదు.

కాగితం మీద పదకొండు వరసలయ్యాయి. పదకొండో వరస తరువాత, నమస్కారం చెప్పి సెలవు తీసుకునే గుర్తు ఒక్కటి వచ్చింది. తరువాత ఏమీ లేదు.

"ఆ రోజు కొండమీదనుంచి నువ్వేం పంపావు?" అన్నారు మాస్టారు.

"నా గుర్తు చెప్పి, ఎవరైనా ఉన్నారా అని."

"ఎన్నిసార్లు?"

"తెలీదు మాస్టారూ. మెషీనులో పెట్టి వదిలేశాను. అదే పంపుకుంటూ పోయింది."

మాస్టారు డబ్బా మూత సరిచేశారు. "దీన్ని చేసింది కొత్తరేవులో అంగన్వాడీ టీచరు, గరికిన చిన్నతల్లి. మూడేళ్ళనుంచి వారానికోరోజు, పిల్లలకి అన్నాలు పెట్టేసి బస్సెక్కి వస్తోంది. లైసెన్సు వచ్చి నెలైంది. మంగళవారం పిలిచింది మొదటిసారి. మొన్న వచ్చి దీన్ని ఇక్కడ పెట్టేసి, 'నాది ఎవులికీ ఇనబడదు మాస్టారూ, ఎవులికైనా ఇచ్చీండి' అని వెళ్ళిపోయింది."

సంఘం సెట్లు ఇద్దామనుకున్న ఆరు పల్లెల్లో కొత్తరేవు ఒకటి. అక్కడ ఆ సెట్టు దగ్గర కూర్చోగలిగిన మనిషి మరొకరు లేరు.

సుధీంద్ర చెవులు వేడెక్కాయి. పోపులపెట్టా అన్న తన మాట ఇంకా ఆ వసారాలోనే తిరుగుతున్నట్టు అనిపించింది. నోటుపుస్తకాన్ని మోకాళ్ళమీదికి లాక్కుని చేతులతో కప్పుకున్నాడు. అంత సిగ్గు ఎప్పుడూ పడలేదు అతను.

"ఇప్పుడు నేనేం చెయ్యను మాస్టారూ?"

మాస్టారు తన తువ్వాలులో డబ్బాని చుట్టి, అతని సంచీలో జాగ్రత్తగా పెట్టారు. "పదకొండింటికి బస్సుంది."

"సెట్టు కూడా తీసుకెళ్ళనా? ఈ మూడింట్లో ఏది?"

"లోపం ఉన్నది."

బస్సు ఊరు దాటకముందే సంఘం కార్యదర్శి పట్నాయక్ గారు ఫోన్ చేశారు. "ఏమయ్యా, ఏది కొనమంటావ్? మొదటిదా, రెండోదా?"

"మూడోదండీ."

"అందులో ఏదో లోపం ఉందన్నావుగా నిన్న?"

సుధీంద్ర కిటికీ వైపు తిరిగి గొంతు తగ్గించాడు. "లోపం సెట్టులో కాదండీ."

అవతల ఆయన ఇంకేదో అడిగారు. సుధీంద్ర సాయంత్రం చెబుతానని పెట్టేశాడు. దారి పొడుగునా క్షమాపణ మాటలు కూర్చుకున్నాడు. ముందు ఇది చెప్పాలి, తరువాత అది చెప్పాలి అని వరస కూడా పెట్టుకున్నాడు.

కొత్తరేవులో బస్సు దిగి వెళ్ళేసరికి చిన్నతల్లి వాకిట్లో ఎండుచేపలు తిరగేస్తోంది. నలభై దాటిన మనిషి, చీరకొంగు నడుముకి బిగించి ఉంది. అతను సంచీలోంచి తీసిన తువ్వాలుమూట ఆకారం చూసే పోల్చుకుంది.

"మాస్టారు తిప్పి పంపీసారా?" అంది, ముఖం చిన్నబుచ్చుకుని.

బస్సులో పెట్టుకున్న వరసంతా పోయింది. "మంగళవారం... కొండమీదనుంచి పిలిచింది నేనేనండి," అని కాగితం చేతిలో పెట్టాడు.

ఆవిడ చేతులు కొంగుకి తుడుచుకుని కాగితం అందుకుంది. ఒక్కొక్క వరస మీదా వేలు పెట్టి చదువుకుంది. మధ్యలో ఎనిమిది చుక్కల దగ్గర వేలు ఆగింది.

"ఇయ్యి నాయే! నాను తప్పు కొట్టింది కూడా రాసీసారే!" అని నోటికి చెయ్యడ్డం పెట్టుకుని నవ్వింది. "అయితే నాది ఇనబడిందన్నమాట."

"వినబడిందండి. పదకొండుసార్లూ వినబడింది."

చిన్నతల్లి ఇంట్లోకి తిరిగి గట్టిగా కేకేసింది. "అత్తా! ఇనబడిందంట!"

లోపలినుంచి ముసలావిడ ఏదో అంది. చిన్నతల్లి నవ్వుతూనే ఇటు తిరిగింది. అప్పుడు తట్టినట్టుంది ఆ సంగతి. కోపం లేదు, నిష్ఠూరం లేదు, తెలియక అడుగుతున్నట్టే అడిగింది.

"మరి పలకనేదేటి బాబూ?"

సుధీంద్ర సంచీలోంచి మూడో సెట్టు తీసి ఆవిడ ముందు పెట్టాడు. ఆవిడ డబ్బాని చంకలో పెట్టుకుని, జవాబు కోసం చూస్తూ నిలబడింది.