మంచినీళ్ల పీపాలకు తాళం

దూరదేశపు దొర తెచ్చిన మర ఊరంతటికీ నీళ్లు తోడి పోస్తుంటే వీరభూపతి మహారాజు నోరు తెరిచి చూశాడు.

"మర ఉచితమే ప్రభూ! దాని తాళంచెవి మాత్రం మా మనిషి దగ్గరుంటుంది. ఇక మీ బావులెందుకు? పూడ్చేయండి" అన్నాడు దొర కొలువులో.

రాజు సరేనన్నాడు. బావుల్లో పూడిక తీసే గవరయ్య ముందుకొచ్చాడు.

"దొరగారి మేలు ఊరికే ఉంచుకోకూడదు మారాజా. వారి ఓడలో మంచినీళ్ల పీపాలకు మనం తాళం వేయిద్దాం. నడిసముద్రంలో ఎప్పుడు దాహమేసినా మన మనిషి తాళం తీసి ఉచితంగా పోస్తాడు."

దొర అదిరిపడ్డాడు. "మా ప్రాణాలు పరాయివాడి చేతిలో పెట్టమంటావా?"

రాజు చటుక్కున సింహాసనం దిగి, గవరయ్య బురద చేతులను అబ్బురంగా పట్టుకున్నాడు.

"బావులన్నీ ఇంకో నిలువు లోతు తవ్వించు గవరయ్యా!"