చక్రాల్లో నిలిచిన లెక్క

సుగుణాకర్‌కి మూడేళ్లుగా ఒకటే ఆశ, మస్తానయ్యగారి సంతకం.

కాకినాడలో ఆ మ్యూజియం పాత యంత్రాల గదికి ఆయనే పెద్దదిక్కు. శిష్యుడు ఏదైనా యంత్రాన్ని ఒక్కడే బాగుచెయ్యాలి, ఆయన కళ్లముందు నడిపి చూపించాలి. అప్పుడు రిపోర్టు మీద సంతకం పడితే ఉద్యోగం ఖాయం. పడకపోతే మళ్లీ మొదటికే. మూడేళ్లలో ఒక్కసారీ పడలేదు పాపం.

ఈసారి మాత్రం మనవాడికి ధీమా. చేతికొచ్చింది కరెంటుతో నడిచే పాత కూడికల యంత్రం, ఒకప్పుడు జనాభా లెక్కలకి వాడింది. మోటారుకి కొత్త తీగ చుట్టాడు, తుప్పు వదిలించాడు, నూనె వేశాడు. అంకెల చక్రాలూ, లోపలి పాత కాగితం చుట్టా బాగానే ఉన్నాయని వాటి జోలికి పోలేదు.

"ఇందులో నాకు తెలియంది ఏమీ లేదండీ," అనేశాడు. కుర్రతనం!

మస్తానయ్యగారు కుర్చీ లాక్కుని కూర్చున్నారు. "సరే, కానీ."

ఈ పరీక్షకి ఓ పద్ధతుంది. ముందు టోటల్ మీట నొక్కితే, చక్రాల్లో మిగిలిన లెక్క కాగితం మీద పడి, లోపల చెరిగిపోతుంది. రెండోసారి నొక్కితే సున్నా రావాలి. వస్తే పాసైనట్టే.

స్విచ్ వేశాడు. మోటారు గుర్రుమంది. వేలు మీట దాకా వెళ్లిందో లేదో, మస్తానయ్యగారు టక్కున ఆ చెయ్యి పట్టుకున్నారు.

"ఏమైందండీ? పాత చెత్త ఖాళీ చేస్తున్నా. మీరు నేర్పిందేగా!"

ఆయన పట్టుకున్న చేతిని పక్క మీట మీదకి జరిపి నొక్కించారు. అది సబ్‌టోటల్. లెక్క చూపిస్తుంది, చెరపదు.

యంత్రం గడగడమంది. పాత కాగితం చుట్ట ఒక్క వరుస పైకి జరిగింది. 38417.

"పైకంటా చదువు," అన్నారు మస్తానయ్యగారు.

పసుపుపచ్చగా మారిన కాగితం, ఊరికో వరుస, పక్కనే పెన్సిల్‌తో ఊరి పేరు. అన్నిటికన్నా పైన పెన్సిల్ రాత: తాళ్లరేవు ఫిర్కా, జనం, 1971. ఫిర్కాలోని ఊళ్లలో సగం దగ్గరే వరుసలు ఆగిపోయాయి. కూడుతూ కూడుతూ ఎవరో లేచి వెళ్లారు, తిరిగి రాలేదు.

సుగుణాకర్‌కి ఒళ్లు ఝల్లుమంది. అమ్మ బాబోయ్! కరెంటు లేదు, మనిషి లేడు. అన్నేళ్లూ అంతమందిని ఒక్కరినీ జారవిడవకుండా పట్టుకుని కూర్చుందా ఇది?

"మా ఊరుందండీ ఇందులో," అన్నాడు. "మా నాన్న అప్పటికి చంటిపిల్లాడు. మా తాత కూడా బతికే ఉన్నాడు. నేను ఆయన్ని చూడనేలేదండీ."

"ఉంటార్లే ఇద్దరూ," అన్నారు మస్తానయ్యగారు. బల్ల మీది రిపోర్టు చూపించి, "ఊఁ, ఇంక టోటల్ నొక్కు. సున్నా చూపించు. సంతకం పెట్టేస్తా," అన్నారు.

సుగుణాకర్ వేలు మీట మీద ఆనింది. మూడేళ్ల ఎదురుచూపు ఒక్క నొక్కు దూరంలో ఉంది.

చెయ్యి వెనక్కి తీసుకున్నాడు. వంగి ప్లగ్గు పీకేశాడు.

"నా వల్ల కాదండీ. పరీక్ష పోతే పోనీయండి. వీళ్ల లెక్క ఇంకా అవలేదు."

మస్తానయ్యగారు జేబులోంచి పెన్ను తీశారు.

"ఎక్కడ్రా సంతకం పెట్టాల్సింది?"