తీతువు ముక్కుకు తీగ

సాలవాగు ఒడ్డున జంతువులకో హైస్కూలుంది. హెడ్మాస్టరు ఎలుగుబంటి, పదో తరగతి లీడరు నక్క. అదే తరగతిలో ఓ తీతువు పిట్ట పిల్ల చదివేది. గడ్డి ఎంత ఎత్తున్నా అందులో పొంచిన చిరుతను అందరికంటే ముందు కనిపెట్టే శక్తి దానికుంది. కనిపెట్టగానే అరిచేది. అరిచిన కాసేపటికి చిరుత వచ్చేది.

శక్తి సంగతి ఎవరికి కావాలి? తీతువు అరిస్తే చావొస్తుందని బడంతటికీ నమ్మకం. బెంచీ మీద దాని పక్కన కుందేలు తప్ప ఎవరూ కూర్చునేవారు కాదు.

ఆటల పోటీలు దగ్గరపడ్డాయి. నక్క లేచింది.

"మాస్టారూ, నోరు మంచిదైతే ఊరు మంచిదంటారు. ఇది అరిచినప్పుడల్లా చిరుత వచ్చింది. అరవకపోతే రాదు. పోటీల రోజు దీని ముక్కుకు తీగ కట్టిద్దాం."

"అరిచానని రాదు సార్, వస్తోంది గనకే అరుస్తాను," అంది తీతువు పిల్ల.

ఎలుగుబంటికి గొడవంటే భయం. "ఒక్కరోజే కదమ్మా! కట్టించుకో, లేదంటే టీసీ తీసుకో," అంది.

ఇంట్లో తల్లి మండిపడింది. "టీసీ తెచ్చుకోవే! ఇసుక తిన్నెల్లో మనవాళ్లతో ఉందాం. వాళ్ల చావు వాళ్లు చస్తారు."

"కుందేలు కూడా చస్తుందమ్మా. పరుగుపందెంలో ఉంది."

మర్నాడు పిల్ల తీగకే ఒప్పుకుంది.

నక్క అప్పటికే చిరుతతో బేరం కుదుర్చుకుంది. మాంసం చిరుతకు, మిగిలింది తనకు. పోటీల రోజు కడుపునొప్పని చెప్పి పొదలో కూర్చుంది.

పందెం మొదలైంది, గడ్డి కదిలింది. తీతువు పిల్ల చూసింది గానీ ముక్కుకు తీగ! దాని ప్రాణం విలవిల్లాడింది. అప్పుడు తమ కులవిద్య గుర్తొచ్చింది. గుడ్ల జోలికి ఎవరైనా వస్తే తీతువులు రెక్క విరిగినట్టు నటించి దారి మళ్లిస్తాయి. ఒక రెక్క ఈడ్చుకుంటూ చిరుత ముందు కుంటింది. తేరగా దొరికిందనుకుని చిరుత వెంటపడింది. పొదలో నక్కనూ పసిగట్టిన పిట్ట చిరుతను నేరుగా అక్కడి దాకా తీసుకుపోయి రివ్వున ఎగిరింది. చిరుత పంజాకి నక్క తోక చిక్కింది.

"కుంటిపిట్టను ఎరవేసి నన్నే ఆడిస్తావా?" అని గర్జించింది చిరుత.

నక్క తోక విడిపించుకుని మైదానంలోకి దూకింది. "చిరుతొచ్చింది! పారిపోండి బాబోయ్!"

పిల్లలు చెట్లెక్కారు, బొరియల్లో దూరారు. ఎలుగుబంటి రెండు కాళ్ల మీద లేచేసరికి చిరుత వెనక్కి తగ్గింది.

కుందేలు ఒగరుస్తూ ముందుకొచ్చింది. "మాస్టారూ, నక్క అరిచింది, చిరుత వచ్చింది. మరి తీగ ఎవరి మూతికి?"

"అన్యాయం! అరిచానని రాలేదండీ, వచ్చింది గనకే అరిచాను!" అని మొత్తుకుంది నక్క.

ఎలుగుబంటి సిగ్గుతో తల దించుకుంది. తీతువు ముక్కుకున్న తీగ తన చేత్తోనే విప్పింది. కడుపునొప్పికి పొదలో ఏం పని అని అడిగేలోపే నక్క వాగు దాటేసింది.

హెచ్చరించే నోరు కట్టేస్తే ఆపద రావడం మానదు, చెప్పకుండా వస్తుంది.