రాజుగారి మోకాలు

ఏరువాక పున్నమి లోపల తనను ఒక మూరెడు పొడుగు చెయ్యాలని మేడికొండ రాజు బసవభూపతి నిండు కొలువులో ఆజ్ఞాపించాడు.

సభలో ఎవరూ నవ్వలేదు. అది నవ్వే సంగతి కాదు మరి.

నెమలేరు మేడికొండను దాటి పల్లంపురానికి పోతుంది. దానిమీద ఆనకట్ట కట్టిన రోజుల్లో బసవభూపతి తాతగారు పల్లంపురంతో ఒక ఒడంబడిక చేసుకున్నారు. ఏటా ఏరువాక పున్నమినాడు మేడికొండ రాజు ఆనకట్ట ముందు, నట్టేట్లో నిలబడాలి. ఆయన మోకాలికి పైనున్న నీళ్ళన్నీ పల్లంపురానికి వదలాలి. మోకాలికి కిందివి మేడికొండవి.

తాతగారు తాటిచెట్టంత మనిషి. ఆయన మోకాలంటే మామూలు మనిషికి నడుము. ఆ రోజుల్లో మేడికొండ ఏటా రెండు పంటలు పండించుకుంది. మనవడు బసవభూపతి సింహాసనం ఎక్కాలంటే కింద పీట వెయ్యాలి. ఆయన మోకాలిదాకా మిగిలే నీళ్ళలో కప్పలు కూడా కాళ్ళు ముడుచుకునే కూర్చునేవి. పైగా రెండేళ్ళుగా వానల్లేవు. ఈ ఏడు కూడా ఆ మోకాలు అక్కడే ఉంటే రైతులు విత్తనాలు వండుకు తినాల్సిందే.

"రాజు పొట్టి, గాదె వట్టి" అని వీధుల్లో పాట కూడా పుట్టింది.

ప్రధాని విరూపాక్షయ్య లేచాడు. ఆయన పొడగరి. ఆ సంగతి ఎవరూ మరిచిపోకుండా, ఎంత ఎత్తు గుమ్మమైనా తల వంచే దాటేవాడు. మూరెడెత్తు పావుకోళ్ళు చేయించి తెచ్చానని చెప్పి, వాటిని రాజు కాళ్ళకు తనే తొడిగాడు. ఇద్దరు భటులు పట్టుకుంటే రాజు అప్పుడే పుట్టిన లేగదూడలా నాలుగడుగులు వేశాడు.

అప్పుడు ఒకడు నవ్వాడు. కొలువులో నవ్వించడానికి జీతం తీసుకునే ఓబళయ్య.

ఎందుకు నవ్వావని రాజు కళ్ళెర్రజేశాడు. మోకాలు మూరెడు పైకి పోతే పల్లంపురానికి చుక్క కూడా దిగదని, నీళ్ళు అటు పోకపోతే వాళ్ళ సైన్యం ఇటు వస్తుందని ఓబళయ్య చెప్పాడు.

"అంత తెలిసినవాడివి, ఉపాయం నువ్వే చెప్పరాదూ" అన్నాడు విరూపాక్షయ్య.

పున్నమిదాకా గడువిమ్మన్నాడు ఓబళయ్య. రాజు ఇచ్చాడు. ఆ రోజుకు ఉపాయం చెప్పలేకపోతే ఆ పావుకోళ్ళతోనే రాజ్యం దాటిపోవాలన్నాడు.

పావుకోళ్ళ సంగతి పల్లంపురం రాణి మల్లమాంబకు తెలియనే తెలిసింది. ఆమె ఒకే ఒక్క మాట కబురు పంపింది.

"ఈ ఏడు పావుకోళ్ళు, వచ్చే ఏడు కొంగకు పట్టం కడతారా?"

కబురు వెనకే సైన్యమూ వచ్చి అవతలి గట్టున దిగింది. పున్నమి ముందురోజు ఆ సైనికులంతా స్నానాల మిషతో ఏట్లోకి దిగి, అడుగున ఇసుకంతా గుల్ల చేసి పోయారు.

పున్నమినాడు రెండు గట్లూ జనంతో నిండాయి. మేళతాళాలతో బసవభూపతి ఆ పావుకోళ్ళ మీదే నట్టేటికి నడిచాడు. నిలబడ్డాడు. గుల్ల ఇసుకలో పావుకోళ్ళు దిగడం మొదలైంది. మూరెడు పెరిగిన రాజు మూరెడు తగ్గాడు, ఆ తర్వాత ఇంకొంచెం తగ్గాడు. చివరికి మోకాలు ఇసుకలో, కిరీటం పైన, మధ్యలో నీళ్ళు.

మోకాలు ఎక్కడుంటే అక్కడే కొలత, కాబట్టి ఏరంతా తమదేనంది అవతలి గట్టున ఏనుగు మీదున్న రాణి. ఇసుకలో ఉన్న మోకాలు చెల్లదన్నాడు విరూపాక్షయ్య. రెండు గట్ల మీదా కత్తులు సగం బయటికొచ్చాయి.

"ముందు నన్ను పైకి తియ్యండయ్యా" అంటున్నాడు రాజు. ఎవరూ వినిపించుకోలేదు.

ఓబళయ్య పంచె ఎగ్గట్టి నీళ్ళలోకి దిగాడు.

"అమ్మగారూ, నాలుగేళ్ళ కిందట వరద వచ్చినప్పుడు మీ ఊళ్ళో ఏం జరిగింది?"

 ఆ సంగతి రెండు గట్ల మీదా అందరికీ తెలుసు. మోకాలు దాటిన నీళ్ళన్నీ ఒడంబడిక ప్రకారం వదిలేశారు. పల్లంపురం గాదెల్లో చేపలు ఈదాయి. రాణి వారంపాటు ఏనుగు దిగలేదు, కొలువు కూడా దానిమీదే.

"వాన ఎక్కువైతే మీరు మునుగుతారు, తక్కువైతే మేం ఎండుతాం. పొడుగు రాజొస్తే మీకు నష్టం, పొట్టి రాజొస్తే మాకు. వాన మన చేతిలో లేదు. రాజుగారి మోకాలు రాజుగారి చేతిలో కూడా లేదు."

మరి ఎవర్ని నిలబెట్టమంటావని రాణి అడిగింది.

"ఈయన్నే. కదలక్కర్లేదు."

"కదల్లేను కూడా" అన్నాడు రాజు.

ఓబళయ్య రాజు రెండు చేతులూ అటూ ఇటూ చాపించాడు.

"ఎత్తు వదిలేసి పక్కలు చూద్దాం. ఎడమచేతి వైపు పోయే నీళ్ళు మావి, కుడిచేతి వైపు పోయేవి మీవి."

జనం వేళ్ళమీద లెక్క కట్టారు. పది కుండలు వస్తే ఐదూ ఐదు. వెయ్యి వస్తే ఐదొందలూ ఐదొందలు. కరువులో ఇద్దరికీ కొంచెమే, వరదలో ఎవరూ ఒంటరిగా మునగరు. రాజు పొట్టయినా పొడుగైనా ఏటికి పట్టింపు లేదు.

విరూపాక్షయ్యకు వంక దొరకలేదు. రాణికి మాత్రం దొరికింది.

"రేపు మీకు బాగా లావుపాటి రాజొస్తే? మా నీళ్ళకు అడ్డం పడడూ?"

ఓబళయ్య చేతులు జోడించాడు.

"లావైతే రెండు పక్కలా సమంగానే లావవుతారు కదమ్మా."

మొదట రాణి నవ్వింది. తర్వాత ఆమె ఏనుగు మావటి, తర్వాత రెండు గట్లూ. నవ్వి నవ్వి బసవభూపతి ఇంకో జానెడు ఇసుకలోకి దిగిపోయాడు. తను నిలబడ్డ చోటే రాయి పాతించి, వెనక నీళ్ళను రెండుగా చీల్చే గోడ కట్టించమన్నాడు. రాయి వచ్చేదాకా దాని బదులు ప్రధానిగారు అక్కడ నిలబడాలన్నాడు. మనిషి మంచి పొడగరి గదా, దూరానికి కూడా కనబడతాడు.

"ఓబళయ్యా, నా కాలి గండపెండేరం ఇక నీది. ఇసుకలో ఉంది, నన్ను లాగి తీసుకో."