దిబ్బ మీద ఆగిపోయిన కబురు

"పైవాళ్లు చెప్పింది కిందివాళ్లకు, కిందివాళ్లు చూసింది పైవాళ్లకు చేరుస్తాను. ఒక్క ముక్క దాచను."

ఎగిరే పక్షులకూ నేల మీది వాళ్లకూ మధ్య కబురు మోసే పనికి మడుగు మధ్య దిబ్బ ఎక్కిన రోజు నక్క అందరి ముందూ ఇచ్చిన మాట ఇది.

అప్పటి నుంచి వచ్చే పక్షులన్నీ ఎటు నుంచి వస్తున్నాయో, ఎంత ఎత్తులో ఉన్నాయో, ఎక్కడ దిగుతాయో పైనుంచే కేకేసి చెప్పేవి. నక్క అన్నీ వినేది. చేప పడేసిన వాళ్లకే నోరు విప్పేది. కబురు అందరిది, లాభం ఒక్కడిది!

"మామా, ఇది దోపిడీ. ఆకాశం ఎవడబ్బ సొత్తూ కాదు," అంది తీతువు. నేల మీద గుడ్లు పెట్టి గాల్లో తిరిగే పిట్ట కదా, దానికి రెండు వైపుల బాధా తెలుసు.

"నీ గొంతే అపశకునం. నోర్ముయ్," అంది నక్క.

ఒక పొద్దున మంచు దట్టంగా కమ్మేసింది. ఉత్తరం నుంచి గూడబాతు కేక వినిపించింది.

"నక్కన్నా! పిల్లలకిదే తొలి ప్రయాణం. రెక్కలు అలిసిపోయాయి. దిబ్బ పక్కన దిగమంటావా?"

"దిగమ్మా, దారి ఖాళీ!"

అంతలో దక్షిణం నుంచి కొంగలు అరిచాయి. "మేమూ అక్కడికే. ఎవరైనా ఉన్నారా?"

"ఒక్క పురుగు లేదు. రండి రండి!"

నక్క నోరు తెరుచుకుని పైకి చూస్తూ కూర్చుంది. గుద్దుకుంటే రాలేది తన ముందే కదా!

రెల్లులో ఉన్న తీతువు రెండు కేకలూ వింది. ఒక్క ఉదుటున లేచింది.

"గూడబాతు వదినా, ఎదురుగా కొంగలు! పడమటి గట్టుకు తిరుగు! కొంగ బావా, నువ్వు తూర్పుకి!"

"దారి ఖాళీ అని నక్క చెప్పిందే?"

"అలా అన్నది దాని ఆకలి! ఒకళ్లకొకళ్లు కేకలేసుకుంటూ దిగండి!"

"తిరిగాం!"

"మేమూ తిరిగాం!"

తీతువు గట్ల మీద పడుకున్న గేదెల దగ్గరకు వాలింది. "అక్కలూ, ఇక్కడ పిల్లలు దిగుతున్నారు, తప్పుకోండి!"

"ఎటు పొమ్మంటావే?"

"దిబ్బ మీదికి. అక్కడ ఎవరూ దిగడం లేదు."

మంచులో గేదెలు దిబ్బెక్కాయి. మేఘాలకేసి నోరు తెరిచిన నక్కను ముందున్న గేదె పొట్టతో ఒక్క తోపు తోసింది. నక్క దభీమని బురదలో పడింది.

"గేదెలొస్తున్నాయని ఒక్కరూ చెప్పలేదే!"

"చెప్పాల్సిన ఉద్యోగం నీదే కదా మామా!" అంది తీతువు.

ఆ తర్వాత కూడా మంచు కురుస్తూనే ఉంది. కానీ పైకేక విన్న ప్రతివాడూ పక్కవాడికి అందిస్తున్నాడు. గూడబాతు పిల్లలు కూడా గొంతు కలిపాయి. ఒక్క రెక్కా విరగలేదు.

నీతి: అందరి కబురూ దాచుకున్నవాడికి, తన మీదికొచ్చేదాని కబురు అందదు.

నక్క మళ్లీ దిబ్బ కావాలంటోంది. ఆ మాట తర్వాత. ఎదురెదురుగా వస్తున్న రెండు గుంపులకూ దారి ఖాళీ అని ఎందుకు చెప్పిందో, ముందు దానికి నక్క మడుగంతా వినేలా జవాబు చెప్పాలి. మడుగువాళ్లు పెట్టిన గడువు మాఘ పౌర్ణమి.