గడీ కాడ లేవని బూదవ్వ

ఇది ఏ ఏటి ముచ్చటనో చెప్పేటోళ్లకే తెల్వదు, ఇనేటోళ్లకేం తెలుస్తది. సర్కారు ఎర్రబస్సు కొత్తకోడలు లెక్క భయపడుకుంట ఊర్లల్లకు అడుగువెడుతున్న కాలం అనుకోండ్రి.

ఆ బస్సు వచ్చినంక ఇప్పలపల్లె మూడుసార్లు నోరు తెరిచింది.

అంతకుముందు ఒక సావుకారి సొంత మోటరుబస్సు నడిచేది. ఊరి దొర తానంజేసి, తిని, పాన్ ఏసుకొని వచ్చిందాక అది కదిలేది గాదు. సర్కారు బస్సు హారన్ గొట్టింది, పోయింది. దొర రోడ్డు మీదనే నిలబడ్డడు. ఊరు నోరు తెరిచింది.

సావుకారి మోటర్ల కూలోళ్లు టాపు మీద మూటల నడుమ కూసునేది. సర్కారు కండక్టరు అందరికీ ఒక్కతీరు టికెట్టు చింపిచ్చి, "లోపట కూసోండ్రి" అన్నడు. ఊరు మళ్ల నోరు తెరిచింది.

మూడోసారి బూదవ్వ వల్ల.

బూదవ్వ చీపుర్లు కట్టి అమ్మేది. ఎవలన్న గట్టిగ పిలిస్తె గోడకు ఒదిగేది. గంత మెత్తటి మనిషి.

ఆ రోజులల్ల కోట లెక్కుండే దొర గడీ ముంగటికెల్లి పోతె చెప్పులిడిసి చేతుల వట్టుకోవాలె. బస్సెక్కినా జనానికి ఆ భయం దిగలే. గడీ రాంగనె బస్సంత లేసి నిలబడేది. చెప్పులు చేతుల, తలకాయలు కిందికి. బస్సు తనను ఇడిసిపోయిన కోపానికి దొర ఇగ దర్వాజ కాడ దాన్ని ఆపిచ్చేటోడు. గడీ మనిషి నర్సింగం మెట్టెక్కి లోపట ఒక సూపు సూసి దిగేటోడు. అప్పుడు కదిలేది. అందరికన్న ముందు లేసేది బూదవ్వనే.

ఒకనాడు ఆమె బిడ్డ లసుమికి కాన్పయ్యింది. పుట్టిన పిల్ల మంచిగనే ఉన్నది. లసుమికి నెత్తురు ఆగలే.

"దవాఖానకు తీస్కపో. ఎక్కువ కదిలియ్యకు. ఆలస్యమైతె దక్కది," అన్నది మంత్రసాని.

పసిగుడ్డును మంత్రసానికే ఇడిసిపెట్టి, లసుమిని బస్సు సీట్ల పండవెట్టి, తలకాయ ఒళ్లె వెట్టుకొని కూసున్నది బూదవ్వ.

గడీ వచ్చింది. బస్సంత లేసింది. బూదవ్వ లేవలే.

"లే బూదవ్వా," అన్నడు కల్లుగీసే ఎల్లాగౌడు.

"ఎట్ల లేస్త గౌడన్నా. బిడ్డ తలకాయ ఏడ వెట్టాలె?"

"దొర ఊకోడే."

నర్సింగం ఎక్కనే ఎక్కిండు. "ఎవతె అది? లే. లేదంటె దిగు. ఆమె లేసిందాక బస్సు కదలది."

"టికెట్టు తీసుకున్నదన్నా," అన్నడు కండక్టరు సన్నగ.

"నీ టికెట్టు నువ్వే నాక్కో."

సీటు కిందికి నెత్తురు కారుతున్నది. బూదవ్వ మోకాళ్లు వాటంతట అవే లేవబోయినయి. పుట్టినకాడికెల్లి లేసిన మోకాళ్లాయె. బిడ్డ తలకాయను రెండు చేతుల అదిమి, వాటిని ఆపుకున్నది.

"అయ్యా, నేను లేస్తె నా బిడ్డ మళ్ల లేవది," అన్నది.



ఎల్లాగౌడు కూసున్నడు. ఎందుకు కూసున్నడో ఆయనకే తెల్వదు. ఎనుక చాకలి సాయవ్వ కూసున్నది. ఇగ బస్సంత ధన్‌మని కూసున్నది. చెప్పులు చేతులల్లకెల్లి జారి కిందవడ్డయి. నిలబడ్డది ఒక్క నర్సింగమే.

డ్రైవరు అద్దంల జూసి, "కండక్టరూ, ఆ నిలబడ్డాయనకు టికెట్టు కొట్టు," అన్నడు.

నర్సింగం తెల్లమొఖమేసి దిగిండు. బస్సు పోయింది. అందరు తాము జేసిన పనికి తామే బిత్తరపోయిన్రు.

లసుమి బతికింది. తిరిగొచ్చేసరికి బూదవ్వ గుడిసె నేలమట్టమై ఉన్నది. ఊరోళ్లే మళ్ల ఏసిచ్చిన్రు. ముసలిదై కన్నుమూసిందాక ఎవలడిగినా ఒక్కటే మాట. "నేనేం జేసిన బిడ్డా? కూసున్న. గంతె."

ఇప్పుడా గడీల మేకలు మేస్తయి. బస్సు మాత్రం ఎప్పటిలెక్కనే కిక్కిరిసి పోతది. గని గడీ రాంగనె డ్రైవరు మెల్లగ జేస్తడు. ముగ్గురు కూసునే సీట్ల ఐదుగురు ఇరుకుతరు. బానెట్ మీద, మెట్ల మీద, ఎవలో తెల్వనోళ్ల ఒళ్లె గూడ కూసుంటరు. గడీ దాటిందాక బస్సుల ఒక్కలు నిలబడరు.

కొత్తోళ్లు బిత్తరపోయి, "ఏమైందవ్వా?" అంటరు.

"బూదవ్వ జాగ వచ్చింది," అని ముసలోళ్లు కొంగు వట్టి గుంజుతరు. "కూసో బిడ్డా."